తక్కువ ఖర్చులో డిజిటల్ రిపీటర్: కోనసీమలో కుదురుతుందా?

లంక_తరంగం · ఆగస్టు 9

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మాది ఎనిమిది మంది హామ్‌ల (ఔత్సాహిక రేడియో వాళ్ల) చిన్న క్లబ్బు. ఒక కళాశాల వారు తమ మేడ మీద చోటు ఇస్తామన్నారు. మేడ పది మీటర్లు, దానిపై 15 మీటర్ల ఇనుప స్తంభం ఇప్పటికే ఉంది. అక్కడ డిజిటల్ రిపీటర్ (ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను వెంటనే ఇంకో ఫ్రీక్వెన్సీలో దూరానికి పంపేది) పెట్టాలని ఆశ. మా దగ్గర పోగైన డబ్బు 40,000 రూపాయలు, అంతకు మించి ఒక్క రూపాయి లేదు.

నా ఆలోచన ఇది: చవకైన చేతి సెట్లు రెండు, ఒకటి వినడానికి, ఒకటి పంపడానికి. మధ్యలో డిజిటల్ సంకేతాన్ని విప్పి మళ్లీ కట్టే ఎంఎండీవీఎం బోర్డు, దానికి రాస్‌ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటరు. అమెరికాలో ఒకాయన టిఫిన్ డబ్బా అంత డూప్లెక్సర్‌తో (ఒకే యాంటెన్నాతో ఒకేసారి వినడానికీ పంపడానికీ వీలుగా రెండింటినీ విడదీసే పెట్టె) యూహెచ్ఎఫ్‌లో, అంటే 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, ఇలాంటిదే కట్టిన వీడియో చూశాను. అదే పద్ధతి ఇక్కడ నడుస్తుందా?

టంకం_చేతులు · ఆగస్టు 9

చేతి సెట్ల ఆలోచన ఇక్కడే వదిలేయండి. సెట్ చవకదని కాదు, మనకు కావలసిన తీగ దాని నుంచి బయటికి రాదు.

డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతి అంటే నాలుగు స్థాయిల మధ్య ఎగిరే సంకేతం, సెకనుకు 9,600 బిట్లు. దాన్ని స్పీకరు సాకెట్ నుంచి తీస్తే సెట్ అప్పటికే మనిషి గొంతుకు అనుకూలంగా కింది శబ్దాలను, పై శబ్దాలను కత్తిరించి ఉంటుంది. మైకు సాకెట్‌లోకి పంపినా అదే కథ: గట్టిగా వచ్చినదాన్ని నొక్కేస్తుంది, పై శబ్దాలను లేపుతుంది. నాలుగు మెట్ల నిచ్చెన అవతలికి వెళ్లేసరికి జారుడుబల్ల అవుతుంది.

కావలసింది డిస్క్రిమినేటర్ (తరంగం నుంచి సంకేతాన్ని విడదీసే భాగం) నుంచి నేరుగా వచ్చే ఆడియో, మాడ్యులేటర్‌కు (సంకేతాన్ని తరంగం మీద ఎక్కించే భాగం) నేరుగా వెళ్లే దారి. పాత వాణిజ్య మొబైల్ సెట్లలో వెనక ఉన్న కనెక్టర్‌కు ఈ రెండూ వస్తాయి. మోటరోలా జీఎం340 లాంటివి రెండు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. 5వ పిన్నులో పంపే ఆడియో, 11లో వచ్చే ఆడియో, 3లో పీటీటీ (పంపమని చెప్పే మీట), 7 గ్రౌండ్. నాలుగు తీగలతో పని అయిపోతుంది.

డాలస్_మావయ్య · ఆగస్టు 10

ఆ వీడియోలోని లాంటి డూప్లెక్సరే మా ఊరి రిపీటర్‌కూ ఉంది. ఆరు గదుల చిన్న పెట్టె, బాగానే పని చేస్తుంది. ఇక్కడ అమెరికాలో 70 సెంటీమీటర్ల (యూహెచ్ఎఫ్) బ్యాండ్ 420 నుంచి 450 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది, వినే ఫ్రీక్వెన్సీకి పంపే ఫ్రీక్వెన్సీకి మధ్య 5 మెగాహెర్ట్జ్ ఎడం. అంత ఎడం ఉంటే చిన్న పెట్టె చాలు. కావాలంటే సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి తెస్తాను.

వనజ_వోల్ట్ · ఆగస్టు 10

మావయ్య గారూ, మీ మంచి మనసుకు ధన్యవాదాలు, కానీ ఆ పెట్టె సూట్‌కేసులో బరువు తప్ప ఇక్కడ దేనికీ పనికిరాదు.

మన దేశంలో హామ్‌లకు ఇచ్చిన యూహెచ్ఎఫ్ 434 నుంచి 438 వరకే. మొత్తం నాలుగు మెగాహెర్ట్జ్. అందులో ఐదు మెగాహెర్ట్జ్ ఎడం ఎక్కడి నుంచి తెస్తాం? పైగా 435 నుంచి 438 వరకు ఉపగ్రహాలకు కేటాయించిన భాగం. రోజంతా మోగే రిపీటర్‌ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టడం పద్ధతి కాదు. అది తీసేస్తే మిగిలేది ఒక్క మెగాహెర్ట్జ్. విదేశీ వీడియోలు చూసి యూహెచ్ఎఫ్ సామాను కొనేవాళ్లు ఈ లెక్క దగ్గరే బోల్తా పడతారు. నేనూ పడ్డాను. మా ఇంటి అటక మీద ఒక డూప్లెక్సర్ ఇప్పటికీ ఉంది.

కొత్త_తీగ · ఆగస్టు 10

తెలియక అడుగుతున్నాను. మూడు వేలకో నాలుగు వేలకో దొరికే డూప్లెక్స్ హాట్‌స్పాట్ (ఒకేసారి విని పంపే బుల్లి పెట్టె) పెడితే పోదా? రెండు యాంటెన్నాలు ఉన్నవి వస్తున్నాయి కదా.

టంకం_చేతులు · ఆగస్టు 10

దాని శక్తి సుమారు పది మిల్లీవాట్లు. మీ వీధి చివరి దాకా వస్తే గొప్ప. నేర్చుకోవడానికి మాత్రం అంతకన్నా మంచిది లేదు.

పాత_కవాటం · ఆగస్టు 11

నాయనా, యూహెచ్ఎఫ్ వద్దని చెప్పడానికి ఇంకో కారణం మీ ఊళ్లోనే ఉంది: కొబ్బరి తోటలు. వాన వెలిసిన తర్వాత తడిసిన మట్టల మధ్య నుంచి 435 మెగాహెర్ట్జ్ పంపి చూడండి, రెండు తోటలు దాటేసరికి నీరసించిపోతుంది. 145 కొంత నయం.

నేల చదును కాబట్టి ఎత్తే మీ బలం. 25 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే రేడియో దిగంతం సుమారు 20 కిలోమీటర్లు, చేతిలో సెట్ పట్టుకున్న మనిషిది మరో ఐదు. చెట్లను తీసేసి చెప్పిన లెక్క ఇది.

ఇక నా అసలు ప్రశ్న: డిజిటల్ ఎందుకు? ఎఫ్ఎంలో సంకేతం తగ్గితే బుస వినిపిస్తుంది, ఆ బుసలోంచి మాట ఏరుకోవచ్చు. డిజిటల్‌లో ఉన్నంతవరకు స్ఫటికంలా ఉంటుంది, తర్వాత గోడ. 1996 నవంబరు తుపాను రాత్రి మీ కోనసీమ ఎలా ఉందో చూసినవాణ్ణి. అలాంటి రాత్రి నాకు బుసే కావాలి.

లంక_తరంగం · ఆగస్టు 11

మాస్టారూ, మీ మాట కాదనలేను. కానీ డీఎంఆర్‌లో 12.5 కిలోహెర్ట్జ్‌లోనే రెండు టైమ్‌స్లాట్లు (వంతులవారీగా నడిచే రెండు దారులు) వస్తాయి. సహాయ కార్యక్రమాల వాళ్లు ఒక స్లాట్‌లో, మామూలు మాటలు ఇంకో స్లాట్‌లో. రెండు రిపీటర్ల పని ఒకటి చేస్తుంది. మా ఎనిమిది మందిలో ఆరుగురి దగ్గర డీఎంఆర్ చేతి సెట్లే ఉన్నాయి, వాటిలో ఎఫ్ఎం కూడా ఉంది. ఎంఎండీవీఎం ఎఫ్ఎంను కూడా నడుపుతుందని చదివాను. అవసరమైన రాత్రి మీ బుస మీకు ఇస్తాం.

పాత_కవాటం · ఆగస్టు 11

అలా అయితే సరే. బ్యాటరీ మాట మరచిపోకండి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. డీఎంఆర్ రిపీటర్ ఒకసారి లేచిందంటే మాట్లాడేది ఒక స్లాటే అయినా క్యారియర్ (మాటను మోసే తరంగం) ఆగకుండా మోగుతుంది. మొబైల్ సెట్లు అలా గంటల తరబడి మోగడానికి చేసినవి కావు. 25 వాట్లు వస్తాయి కదా అని 25 పెట్టకండి. పది వాట్లు పెట్టి వెనక ఫ్యాను బిగించండి.

లంక_తరంగం · ఆగస్టు 12

అంటే వీహెచ్ఎఫ్, 145 మెగాహెర్ట్జ్ బ్యాండ్. కానీ అక్కడ ఎడం 600 కిలోహెర్ట్జే కదా! దానికి సరిపోయే డూప్లెక్సర్ ధర అడిగితే మా బడ్జెట్‌కు రెండింతలు చెప్పారు. అది మనిషంత ఎత్తు ఉంటుందట. ఇక ఆశ వదులుకోవలసిందేనా?

వనజ_వోల్ట్ · ఆగస్టు 12

వద్దు. లెక్క వేద్దాం.

పది వాట్లంటే ప్లస్ 40 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే శక్తి). మీ రిసీవర్ వినాలనుకునేది మైనస్ 118 దగ్గరి సంకేతం. పెళ్లి డోలు పక్కన కూర్చుని సూది పడిన చప్పుడు వినడం లాంటిది. ఇందులో రెండు బాధలు: డోలు మోత రిసీవర్‌ను చెవిటిదాన్ని చేయడం ఒకటి, ట్రాన్స్‌మిటర్ నుంచి పక్కలకు చిందే సన్నని రొద నేరుగా రిసీవర్ ఫ్రీక్వెన్సీ మీద పడడం రెండోది. రెండింటికీ కలిపి, పది వాట్లకు 80 డెసిబెల్స్ విడదీత ఉంటే నేను ధైర్యంగా పైకి ఎక్కిస్తాను.

ఒకే యాంటెన్నా వాడాలనే పట్టుదల ఉంటేనే ఆ 80 మొత్తం డూప్లెక్సర్ ఇవ్వాలి. మీకు 15 మీటర్ల స్తంభం ఉంది. రెండు యాంటెన్నాలు ఒకదాని కింద ఒకటి పెట్టండి. నిలువు ఎడానికి లెక్క: 28కి, దూరాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించి తీసిన లాగరిథమ్‌కు 40 రెట్లు కలపాలి. 145 దగ్గర తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు. పది మీటర్ల ఎడానికి 55 డెసిబెల్స్ వస్తుంది. ఇనుప స్తంభం కొంత పాడు చేస్తుంది కాబట్టి 50 అనుకోండి. మిగిలిన 30కి రెండు వైపులా ఒక్కొక్క కేవిటీ ఫిల్టర్ (ఒక ఫ్రీక్వెన్సీని మింగేసే లోహపు గొట్టం) చాలు. పంపే తీగ మీద ఉన్నది వినే ఫ్రీక్వెన్సీని మింగాలి, వినే తీగ మీద ఉన్నది పంపే ఫ్రీక్వెన్సీని మింగాలి.

యాంటెన్నాలను అడ్డంగా పక్కపక్కన పెట్టి అంత విడదీత సాధిద్దామంటే కుదరదు. మేడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పెట్టినా ఆ అంకె దగ్గరికి రాదు.

ఇంకొకటి. పెట్టెల మధ్య ముక్క తీగలకు ఆర్‌జీ-58 వాడకండి. ఒకే పొర అల్లిక, జల్లెడలా కారుతుంది. రెండు పొరల కవచం ఉన్న ఆర్‌జీ-142 గానీ ఆర్‌జీ-400 గానీ తీసుకోండి. ఎనభై డెసిబెల్స్ సంపాదించి రెండడుగుల తీగ దగ్గర పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పాత_కవాటం · ఆగస్టు 13

కేవిటీలు నేను చేయించి పెడతాను, కొనవద్దు. లోపలి గొట్టం పావు తరంగం, అంటే అర మీటరుకు కాస్త ఎక్కువ. బయటి గొట్టం రాగి రేకుతో ఆరంగుళాల వ్యాసం. తణుకు వైపు అజ్జరంలో ఇత్తడి పనివాళ్లు ఉన్నారు, రేకును చుట్టి అతుకు కనపడకుండా వెండి టంకం పెడతారు. పోయినసారి చేయించినప్పుడు ఒకాయన అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది ఏ గుడికండీ?’ అని అడిగాడు.

సామాను సంగతి సరే, ముందు అనుమతి. కేంద్ర టెలికం శాఖ డబ్ల్యూపీసీ విభాగానికి సరళ్ సంచార్ పోర్టల్‌లో క్లబ్బు లైసెన్సు పేరుతో దరఖాస్తు పెట్టండి. యాంటెన్నా ఎత్తు, చోటు వివరాలతో సాక్ఫా (యాంటెన్నా పెట్టే చోటుకు ఇచ్చే అనుమతి) సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. ఇంటర్నెట్‌తో కలపాలని ఉంటే ఆ మాట దరఖాస్తులో విడిగా రాయండి. రాతపూర్వకంగా రానిదే తీగ కలపవద్దు. కాగితం వచ్చేదాకా యాంటెన్నాకు బదులు డమ్మీ లోడ్ (శక్తిని గాలిలోకి పోనివ్వకుండా వేడిగా మార్చేది), ఇంట్లో బల్ల మీద.

లంక_తరంగం · నవంబరు 22

చాలా రోజులైంది, క్షమించాలి. దరఖాస్తు వెళ్లింది. జీఎం340లు రెండు దొరికాయి, వీహెచ్ఎఫ్‌వి, జత 11,000. ఎంఎండీవీఎం బోర్డు 6,500, రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 ఒక మిత్రుడు ఇచ్చాడు. పవర్ సప్లై 1,800. మాస్టారి కేవిటీలు మూడు వచ్చాయి, ఒకటి అదనంగా ఉండనివ్వమన్నారు. రాగికి, కూలికి 9,000 అయింది. అజ్జరం వెళ్లడానికి ఆయన బస్సు చార్జీ కూడా తీసుకోలేదు.

బల్ల మీద అన్నీ కలిపాను. రాస్‌ప్‌బెర్రీ పైలో నడిచే పై-స్టార్ సాఫ్ట్‌వేర్ లేచింది, చేతి సెట్ నొక్కితే రిపీటర్ లేస్తోంది. కానీ మాట నీళ్లలోంచి వచ్చినట్టు ఉంది. బిట్ల తప్పుల శాతం 6 నుంచి 8 మధ్య చూపిస్తోంది. చేతి సెట్ పక్క గదిలోనే ఉంది, సంకేతం బలహీనం అనడానికి లేదు. మూడు రాత్రులుగా ఇదే పని.

టంకం_చేతులు · నవంబరు 22

వినే సెట్‌ను ప్రోగ్రామ్ చేసినప్పుడు వెనక కనెక్టర్ ఆడియోను ఏ రకంగా పెట్టారు? అక్కడ ‘ఫ్లాట్ అన్‌స్క్వెల్చ్‌డ్’ అని ఉండాలి. ఫిల్టర్ చేసినది ఎంచుకుంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది, పూర్తిగా చావదు, పూర్తిగా బతకదు.

లంక_తరంగం · నవంబరు 23

అదే! ఫిల్టర్ చేసినదే ఉంది. మార్చగానే 1.9కి దిగింది. మూడు రాత్రుల నిద్ర ఒక గడిలో ఉందన్నమాట.

వనజ_వోల్ట్ · నవంబరు 23

1.9తో ఆగవద్దు. ఎంఎండీవీఎంక్యాల్ అనే ప్రోగ్రామ్‌లో డీఎంఆర్ పరీక్ష తీసుకుని వినే స్థాయిని ఒక్కొక్క గీత మార్చుతూ తప్పుల శాతం ఎక్కడ కనిష్ఠమో చూడండి. అర శాతం కిందికి రావాలి.

పంపే వైపు ఇంకా ముఖ్యం. డీవియేషన్, అంటే ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర, 2.75 కిలోహెర్ట్జ్ ఉండాలి. దానికి ఖరీదైన మీటరు అక్కరలేదు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే చిన్న రిసీవర్) పెట్టి డీవియేషన్ పరీక్ష టోను పంపండి. తెర మీద మధ్యలో నిటారుగా ఒక గీత, దాని రెండు పక్కలా పిల్ల గీతలు కనిపిస్తాయి. స్థాయిని సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ పోండి. ఒకచోట మధ్య గీత నేలలోకి కుంగిపోయి పక్క గీతలే మిగులుతాయి. మొదటిసారి అలా మాయమైన చోట ఆగిపోవాలి. ఇంకా పెంచితే అది మళ్లీ లేస్తుంది, రెండోసారి కూడా కుంగుతుంది, దాన్ని చూసి మోసపోకండి.

అవతలి సెట్ లాక్ కాకపోతే టీఎక్స్ ఇన్వర్ట్ గడిని ఒకసారి తిరగవేయండి. సంకేతం తలకిందులైతే స్థాయిలు ఎంత సరిగ్గా ఉన్నా మాట రాదు.

లంక_తరంగం · నవంబరు 24

మధ్య గీత కుంగడం కళ్లారా చూశాను. మా అమ్మాయిని పిలిచి చూపించాను, ‘బాగుంది, అన్నం తిను’ అంది. తప్పులు 0.3. ఇన్వర్ట్ అవసరం పడలేదు.

కొత్త_తీగ · నవంబరు 24

ఈ చర్చ మొత్తం దాచుకుంటున్నాను. నాలాంటి వాళ్లకు డీ-స్టార్, ఫ్యూజన్ అనే ఇతర డిజిటల్ పద్ధతులు మంచివి కావా?

టంకం_చేతులు · నవంబరు 24

మంచివే. సెట్లు ఖరీదు. ఇదే బోర్డు వాటినీ నడుపుతుంది కాబట్టి ఆ తగువు రిపీటర్ కట్టేవాడిది కాదు, సెట్ కొనేవాడిది.

లంక_తరంగం · ఫిబ్రవరి 15

అనుమతి వచ్చింది! నిన్న యాంటెన్నాలు ఎక్కించాం. వినేది స్తంభం కొనమీద, పంపేది పది మీటర్ల కింద, స్తంభానికి మీటరు దూరంగా అడ్డ కడ్డీ మీద. కేవిటీలు, సెట్లు మేడ మీది రేకుల గదిలో. ఇంటర్నెట్ ప్రస్తుతానికి లేదు.

ఉదయం ఎనిమిదికి మోటారు సైకిల్ మీద బయలుదేరి ముమ్మిడివరం దాకా చేతి సెట్‌తో మాట్లాడాను, ఒక్క అక్షరం పోలేదు. రావులపాలెం వైపు ఇరవై కిలోమీటర్లు దాటాక తోటల్లో ముక్కలయింది, కాలువ గట్టు ఎక్కితే మళ్లీ వచ్చింది. పంపేటప్పుడు, పంపనప్పుడు రిసీవర్‌లో తేడా దాదాపు లేదు.

ఖర్చు కేబుల్‌తో, కనెక్టర్లతో, వంద ఏహెచ్ బ్యాటరీతో కలిపి 46,200 అయింది. ఆరు వేల చిల్లర మా కోశాధికారి సొంత జేబు నుంచి వేశారు, ఇంట్లో చెప్పవద్దన్నారు.

డాలస్_మావయ్య · ఫిబ్రవరి 15

అభినందనలు. ఆ ఆరు వేలు నేను పంపుతాను, ఆయన్ని ఇంట్లో నిజం చెప్పుకోమనండి.

లంక_తరంగం · మార్చి 18

ఒక సమస్య వచ్చింది. పది రోజులుగా మధ్యాహ్నం రిపీటర్ చెవిటిదవుతోంది. ఉదయం బాగుంటుంది. పన్నెండు దాటాక దూరం వాళ్లు పోతారు, మూడింటికి పక్క ఊరు వాళ్లు కూడా తప్పులు ఏడెనిమిది శాతంతో వస్తారు. రాత్రి ఎనిమిదికి ఏమీ జరగనట్టు మళ్లీ మామూలే.

టంకం_చేతులు · మార్చి 18

సముద్రపు గాలి, ఉప్పు. స్తంభం బిగింపు తీగల దగ్గర తుప్పు పట్టిన కొక్కెం ఏదైనా ఉందా? తుప్పు పట్టిన అతుకు డయోడ్‌లా పని చేసి రొద పుట్టిస్తుంది. మధ్యాహ్నం సముద్రం గాలి లేస్తుంది కదా, తీగలు ఊగుతాయి.

లంక_తరంగం · మార్చి 19

కొక్కేలు తోమి, గ్రీజు రాసి, ఒక కుర్రాడిని ఎక్కించి తీగలు ఊపించాను. ఏమీ మారలేదు. నిన్న మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది, ఆకు కదలలేదు. అయినా చెవుడు అలాగే ఉంది.

వనజ_వోల్ట్ · మార్చి 19

గాలి లేకపోయినా వస్తోందంటే గడియారం చూడకండి, థర్మామీటరు చూడండి. రేకుల గదిలో మధ్యాహ్నం ఎంత ఉంటుంది?

రాగి ప్రతి డిగ్రీకి పది లక్షల్లో 17 వంతులు సాగుతుంది. ఇరవై డిగ్రీలు పెరిగితే లోపలి గొట్టం సాగే పొడవు కంటికి కనపడదు. కానీ 145 మెగాహెర్ట్జ్ మీద అది సుమారు 50 కిలోహెర్ట్జ్ కిందికి జారడం. కేవిటీ మింగే గుంట సన్నగా ఉంటుంది. అంత జారితే మీ ముప్పై డెసిబెల్స్‌లో సగమైనా మిగలదు. కంపెనీ కేవిటీల్లో సరిచేసే కడ్డీని ఇన్వార్ అనే లోహంతో చేసేది ఇందుకే, అది వేడికి దాదాపు సాగదు. ఫిబ్రవరి ఉదయం ట్యూన్ చేసి మార్చి మధ్యాహ్నం వాడుతున్నారు మీరు.

పాత_కవాటం · మార్చి 19

తప్పు నాదే, నాయనా. మా ఇంట్లో నా కేవిటీలు మంచం కింద ఉంటాయి. రేకుల గది సంగతి అడగాలని తోచలేదు.

లంక_తరంగం · మార్చి 22

వనజ గారూ, నానోవీఎన్ఏ (ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత మింగుతోందో తెర మీద చూపే చిన్న మీటరు) తీసుకుని మధ్యాహ్నం రెండింటికి రేకుల గదిలో కూర్చున్నాను. థర్మామీటరు 45 చూపింది, ఉదయం 25 ఉండేది. తెర మీద గుంట తన చోటు నుంచి 50కి కాస్త అటూ ఇటూగా కిందికి జరిగి ఉంది. మీరు ఇంట్లో కూర్చుని చెప్పిన అంకె! కేవిటీ మీద తడిగుడ్డ వేస్తే నా కళ్లముందే గుంట నెమ్మదిగా వెనక్కి నడిచింది.

నిన్న అన్నీ కింది అంతస్తులో మెట్ల కింది గదికి దించాం. కేబుల్ పన్నెండు మీటర్లు పెరిగింది, అర డెసిబెల్‌కు పైగా పోయింది, పోనివ్వండి. అక్కడే మళ్లీ ట్యూన్ చేశాను. ఈరోజు రెండింటికి తప్పులు 0.6.

పాత_కవాటం · మార్చి 22

మెట్ల కింద కూడా ఒక థర్మామీటరు కట్టి రోజూ రాసిపెట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నా రాగి గొట్టం ఎంత. ఆ అంకెలు చూసి ఇన్వార్ కడ్డీ సంగతి ఆలోచిద్దాం. మూడో కేవిటీ ఉంది కదా, ప్రయోగం దాని మీద చేస్తాను, నాకు పంపండి.

కొత్త_తీగ · మార్చి 23

నిన్న కొత్తపేట నుంచి మీ రిపీటర్ విన్నాను! సంకేతం నిండుగా ఉంది, కానీ నేను నొక్కితే లేవడం లేదు. ఫ్రీక్వెన్సీలు రెండూ సరిచూసుకున్నాను.

లంక_తరంగం · మార్చి 23

కలర్ కోడ్ (రిపీటర్ తన వాళ్లను గుర్తుపట్టే సంఖ్య) 1 ఉందా చూడండి. కొత్త సెట్లలో ఒక్కోసారి సున్నా ఉంటుంది. అది సరే అయితే స్లాట్ 2కి మార్చి సాయంత్రం ఏడింటికి పిలవండి, నేను వింటూ ఉంటాను. 73 (హామ్‌ల వీడ్కోలు).